పసుపు చీటీ



నేను మేడ్చల్‌లో ఉంటాను. పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పడం నా పని. అందుకే చుట్టుపక్కల ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా మొదటి ఫోను నాకే వస్తుంది. మొన్నామధ్య ఒక ఆదివారం సాయంత్రం అలాంటి ఫోనే ఒకటి వచ్చింది. చేసినాయన శామీర్‌పేటలో ఉంటాడు, నాకు పాత పరిచయం. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తాడు.

"సార్, ఇంట్ల కంప్యూటర్ శాన స్లో అయింది. స్కాన్ పెట్టిన. ఏడు వైరస్‌లు దొరికినయని ఎర్రగ చూపిస్తుంది. ఫార్మాట్ కొట్టియ్యమంటరా?"

"ఏదీ నొక్కకండి అన్నా. ముందు వైఫై ఆపెయ్యండి. నేనొస్తున్నా" అన్నాను.

ఈ ఫార్మాట్ సంగతి ముందు చెప్పాలి. మన దగ్గర కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా "ఫార్మాట్ కొట్టెయ్" అనేదే మొదటి మందు. రిపేరు చేసేవాళ్లకు అది సులువు, గంటలో పని అయిపోతుంది. కానీ ఆ గంటలో పెళ్లి ఫొటోలు పోతాయి, పిల్లల ప్రాజెక్టులు పోతాయి, స్కాన్ చేసి దాచుకున్న భూమి కాగితాలు పోతాయి. ఒక్కోసారి ఇవన్నీ పోయాక కూడా వైరస్ మాత్రం పోదు. అది పెన్‌డ్రైవ్‌లో క్షేమంగా ఉండి, మర్నాడు మళ్లీ కొత్త విండోస్‌లోకి వస్తుంది. ఫార్మాట్ అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. దాన్ని చివరకు ఉంచుకోవాలి.

వైఫై ఎందుకు ఆపమన్నానంటే, ఇవాళ్టి దొంగ సాఫ్ట్‌వేర్ తనంతట తాను బతకదు. ఎక్కడో ఉన్న యజమానికి ఎప్పటికప్పుడు కబురు పంపుతూ ఉంటుంది. ఇక్కడ దొరికింది అక్కడికి చేరవేస్తుంది, అక్కడి నుంచి కొత్త ఆదేశాలు తెచ్చుకుంటుంది. పైపు పగిలి నీళ్లు పోతుంటే ఎక్కడ పగిలిందో వెతికే ముందు మనం చేసేది ట్యాంకు వాల్వు కట్టడమే కదా. నెట్ తీసెయ్యడం అలాంటి పని. దానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు, ఇంట్లో ఎవరైనా చెయ్యొచ్చు.

శామీర్‌పేట రోడ్డు పట్టుకొని నేను వాళ్లింటికి చేరేసరికి చీకటి పడింది. కరోనా కాలంలో బిడ్డ ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ అది. లోపల విండోస్ 10. ఆ పిల్ల ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది తప్ప లోపలికి రావడం లేదు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

తెర ముందు కూర్చొని మొదట చేసిన పని నోటుబుక్కు తీసి రాసుకోవడం. ఏ పేరు, ఏ ఫోల్డరు, ఏ తేదీ. చాలామంది ఈ పని చెయ్యరు. ఎర్ర అక్షరాలు చూడగానే కనబడిన బటన్ నొక్కేసి, ఆ తెరను మూసేస్తారు. తర్వాత ఏమొచ్చింది అని అడిగితే "ఏదో ట్రోజన్ అని ఉండె సార్" అంటారు. కాగితం అక్కర్లేదు, ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకున్నా చాలు.

ఆ పేర్లు మంత్రాల్లా ఉంటాయి గానీ వాటికో పద్ధతి ఉంది. వైరస్‌ల మీద పరిశోధన చేసేవాళ్లు కొందరు 1991లో కూర్చొని, పేర్లు ఎలా పెట్టాలో ఒక నియమం రాసుకున్నారు. మైక్రోసాఫ్ట్ ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తోంది. మొదటి మాట అది ఏ జాతి అని చెబుతుంది. రెండోది ఏ రకం యంత్రం మీద నడుస్తుంది, మూడోది ఏ కుటుంబం. మొదటి మాట ఒక్కటి చదవగలిగితే సగం భయం తీరుతుంది. "పీయూఏ" అని ఉంటే అక్కర్లేని సరుకు అని అర్థం. మనం ఇంకేదో దించుకుంటుంటే దానితో పాటు అంటుకొచ్చిన టూల్‌బార్, ప్రకటనలు చూపించే ప్రోగ్రాం, అలాంటివి. చిరాకు పెడతాయి, తీసేస్తే పోతాయి. "ట్రోజన్" అని ఉంటే కాస్త నిటారుగా కూర్చోవాలి. ఒక రూపంలో లోపలికి వచ్చి ఇంకో పని చేసేది అది. "రాన్సమ్" అని ఉంటే, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకమైతే, ఉన్నపళంగా నెట్ వైరు పీకాలి.

ఆ ఏడింటినీ రాసుకొని చూస్తే, మూడు ఒకే టూల్‌బార్ ముక్కలు. రెండు, వెనకాల గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌లోవి. ఒకటి హ్యాక్‌టూల్, విన్32, ఆటోకేఎంఎస్. అంటే డబ్బు కట్టకుండా విండోస్‌నూ ఆఫీస్‌నూ అసలువని నమ్మించడానికి వాడే యాక్టివేటర్. ఏడోది దాని పక్కనే, అదే ఫోల్డర్లో ఉన్న ట్రోజన్. పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లే రకం. ఏడు అన్న అంకె చూసి ఆయన భయపడ్డాడు. నాకు ఆ ఏడోది ఒక్కటే భయం వేసింది.

ఆ దొరికిన ప్రతిదాని పక్కనా యాంటీవైరస్ మూడు దారులు చూపిస్తుంది. తీసెయ్, క్వారంటైన్, వదిలెయ్. నేను క్వారంటైన్ అన్నదాని మీద మౌస్ పెట్టాను. వెనక నిలబడ్డ ఆయన ఆ మాట చదివి, "గిది మా దాంట్ల గూడ ఉంటది సార్" అన్నాడు.

ఏమిటని అడిగాను. ఆయన చెప్పింది వింటే, నేను ఇన్నేళ్లుగా క్లాసులో చెప్పే పాఠం కన్నా అది బాగుందనిపించింది. మందుల కంపెనీ గోదాముకు ముడిసరుకు డ్రమ్ములు వస్తాయి. ఎంత పేరున్నవాళ్లు పంపినా సరే, దిగగానే దాని మీద పసుపు చీటీ అంటిస్తారు. అంటే ఇంకా పరీక్ష కాలేదని. దాన్ని విడిగా ఒక చోట పెడతారు. నాణ్యత పరీక్షించే క్యూసీ వాళ్లు వచ్చి నమూనా తీసుకుపోతారు. బాగుందని తేలితే పచ్చ చీటీ. బాగాలేకపోతే ఎర్ర చీటీ. "పసుపు చీటీ ఉన్నంత సేపు ఎవరు ముట్టరు సార్. వాడరు, పారెయ్యరు గూడ."

పారెయ్యరు కూడా అన్న మాట ముఖ్యం. ఎందుకంటే స్కానర్ కూడా పొరపాటు పడుతుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే పెద్ద యాంటీవైరస్ కంపెనీ పంపిన రోజువారీ అప్‌డేట్‌లో ఒక తప్పు దొర్లింది. విండోస్ ఎక్స్‌పీకి ప్రాణం లాంటి ఒక ఫైలును అది వైరస్ అనుకుంది. ప్రపంచమంతటా ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్లు ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ కావడం మొదలుపెట్టాయి. కాపలావాడే ఇంటి పెద్దను కట్టేసినట్టయింది. ఇంత జరిగినా యాంటీవైరస్ లేకుండా ఉండమని నేను చెప్పను. క్వారంటైన్ అన్న దారి ఎందుకు పెట్టారో తెలియడం కోసం చెబుతున్నాను. క్వారంటైన్‌లో పెట్టిన ఫైలు నడవదు, ఎవరినీ అంటుకోదు. పొరపాటున పట్టుబడిందని తేలితే వెనక్కి తెచ్చుకోవచ్చు. వారం పది రోజులు చూసి అప్పుడు తీసెయ్యొచ్చు.

ఆ తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్‌లోనే ఈ వీలుంది, విడిగా కొనక్కర్లేదు. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, విండోస్ లేవకముందే వెతుకులాట జరుగుతుంది. కాస్త మొండి రకాలు విండోస్ నడుస్తున్నప్పుడు తమను తాము దాచుకోగలవు. దొంగ ఇంట్లోనే ఉండి, వెతకడానికి వచ్చినవాళ్లకు తానే దీపం పట్టుకొని "ఇటు రండి, అటు ఎవరూ లేరు" అని దారి చూపిస్తుంటే ఏం దొరుకుతుంది? ఇంట్లోవాళ్లు ఎవరూ లేవకముందే చూడాలి. ఒక పావుగంట పడుతుంది. ఈలోగా చాయ్ వచ్చింది.

ఆ పావుగంటలో పెన్‌డ్రైవ్ సంగతి నా ల్యాప్‌టాప్‌లో తేల్చాం. దాన్ని తెరిస్తే పిల్ల ప్రాజెక్టు ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉన్నాయని, రెండు రోజులుగా ఏడుస్తోందని వాళ్లమ్మ చెప్పింది. ఈ జబ్బు మనకు కొత్త కాదు. నెట్ సెంటర్ ఉన్న ప్రతి ఊరికీ తెలుసు. అంతాయిపల్లిలో జిల్లా కలెక్టరేట్ వచ్చాక ఈ చుట్టుపక్కల దరఖాస్తులు నింపిపెట్టే దుకాణాలు, జిరాక్స్ సెంటర్లు బాగా పెరిగాయి. రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు అక్కడి ఒక్క కంప్యూటర్లో దూరి వస్తాయో లెక్కలేదు. ఒక పెన్‌డ్రైవ్‌కు ఉన్న తెగులు సాయంత్రానికి అందరికీ పంచినట్టే. దుకాణం వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు, వాళ్లకూ అది ఎవరో తెచ్చి అంటించిందే.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఫైళ్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని కనబడకుండా దాచి, అదే పేరుతో షార్ట్‌కట్‌లు తయారుచేసి పెడుతుంది. మనం దాని మీద రెండుసార్లు నొక్కుతాం. మన ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరసూ నడుస్తుంది. ఫోల్డర్ తెరుచుకుంది కాబట్టి మనకు అనుమానం రాదు. ఒకప్పుడు ఇంత నాటకం కూడా అవసరం లేకపోయింది. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ లాంటివి, పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతటదే నడిచే ఆటోరన్ అనే సదుపాయాన్ని కూడా వాడుకొని పాకాయి. మైక్రోసాఫ్ట్ కొత్త విండోస్‌లో ఆ వీలు తీసేసింది, 2011లో పాత వాటికి కూడా అప్‌డేట్ పంపింది. అప్పటినుంచి వైరస్ రాసేవాళ్లకు మన వేలు అవసరమైంది. అందుకే ఈ షార్ట్‌కట్ వేషం.

కాబట్టి ఆ షార్ట్‌కట్‌లను నొక్కకండి. శుభ్రంగా ఉన్న కంప్యూటర్లో పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేసి, దాగిన ఫైళ్లు చూపించమని సెట్టింగ్ మార్చండి. ఒక్కోసారి సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్కు కూడా తీసెయ్యాల్సి వస్తుంది. అప్పుడు అసలు ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. అందులోంచి పత్రాలు, ఫొటోలు మాత్రమే కాపీ చేసుకొని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చెయ్యండి. ఇదిగో, ఫార్మాట్ నిజంగా పనికొచ్చే చోటు ఇది. ఆ పిల్ల ఫోల్డర్లన్నీ అలాగే దొరికాయి. అప్పటిదాకా గుమ్మం దగ్గరున్నది, అప్పుడు వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

ఇలాంటి వాటికి మన పన్నుల డబ్బుతో నడిచే సాయం ఒకటుంది, చాలామందికి తెలియదు. 2017 ఫిబ్రవరి 21న కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్ర అనే దాన్ని మొదలుపెట్టింది. దేశ సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ దాన్ని నడుపుతుంది. మన కంప్యూటర్ దొంగల గుప్పిట్లో ఉందని వాళ్లకు తెలిస్తే, మనకు నెట్ ఇచ్చే కంపెనీ ద్వారా కబురు చేస్తారు. శుభ్రం చేసే పనిముట్లు ఉచితంగా ఇస్తారు. వాటిలో యూఎస్‌బీ ప్రతిరోధ్ అనేది అనుమతి లేని పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌లో పనిచెయ్యనివ్వదు. ఫోన్ల కోసం ఎం-కవచ్ అనేది ఉంది. ఈ రెండూ ఎక్కడో తయారైనవి కావు, మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డాక్‌లో చేసినవే. మన ఊరి సరుకు మన ఇళ్లకు తెలియకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఆఫ్‌లైన్ స్కాన్ అయిపోయింది. కొత్తగా ఏమీ దొరకలేదు. "అయిపాయె గద సార్" అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

నేను నోటుబుక్కు చూపించాను. ట్రోజన్ ఉన్న ఫోల్డర్ తేదీ జూన్ నెలది. మేము మాట్లాడుకుంటున్నది అక్టోబర్లో. స్కాన్‌లో దొరికింది ఈ రోజు, కానీ అది ఈ ఇంట్లో నాలుగు నెలలుగా ఉంది. ఈ నాలుగు నెలల్లో ఈ కంప్యూటర్ మీద మీరు ఏమేం చేశారు అని అడిగాను. కరెంటు బిల్లు కట్టారు. బ్యాంకు ఖాతా చూశారు. పిల్ల కాలేజీ ఫీజు కట్టారు. మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమని బ్రౌజర్ అడిగిన ప్రతిసారీ సరేనన్నారు.

అలా దాచిన పాస్‌వర్డ్‌లను ఎత్తుకెళ్లడమే ఈ రకం ట్రోజన్ల వృత్తి. తెర మీద ఏమీ చూపించవు, ఫైళ్లు పాడుచెయ్యవు. బ్రౌజర్‌లో దాచినవన్నీ మూట కట్టి పంపేస్తాయి. 2025 మే నెలలో మైక్రోసాఫ్ట్, కొన్ని దేశాల పోలీసులు కలిసి లుమ్మా అనే ఇలాంటి దాని నెట్‌వర్క్‌ను దెబ్బతీశారు. అంతకు ముందు రెండు నెలల్లోనే ప్రపంచంలో 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో అది కనబడిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. వాటిలో పెద్ద ఆఫీసులే కాదు, ఇలా గదిలో మూలన పెట్టుకున్న ఇంటి కంప్యూటర్లూ ఉంటాయి.

ఎక్కడో ప్రపంచం సంగతి ఎందుకు, మన హైదరాబాద్‌లోనే జరిగింది చెబుతాను. 2022 జనవరిలో ఒక వారాంతం. ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు దేశంలోని ఎన్నో ఖాతాల్లోకి వెళ్లిపోయాయి. అప్పటి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సి.వి. ఆనంద్ ఆ మార్చిలో దర్యాప్తు వివరాలు చెప్పారు. తుపాకులు లేవు, తాళాలు పగలగొట్టడం లేదు. అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు కొన్ని మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచినవాళ్ల కంప్యూటర్లలోకి దొంగ సాఫ్ట్‌వేర్ దిగింది. దూరాన ఉన్నవాడు ఆ కంప్యూటర్‌ను తన ముందున్నట్టే చూడగలిగాడు, వాడగలిగాడు. అలా రెండు నెలలు లోపల తిరిగి, దారులన్నీ తెలుసుకొని, సెలవు రోజులు చూసుకొని పని ముగించాడు.

ఆ నవంబరులోనే ఎవరో ఒకరు అనుమానించి, "సార్, నేనొక మెయిల్ తెరిచాను, ఏదో తేడాగా ఉంది" అని చెప్పి ఉంటే ఎలా ఉండేదా అని నేను తరచూ అనుకుంటాను.

అందుకని శుభ్రం చేసిన తర్వాత అసలు పని మొదలవుతుంది. పాస్‌వర్డ్‌లు మార్చాలి. అదే కంప్యూటర్ మీద అప్పుడే మార్చకూడదు, ఇంకో శుభ్రమైన పరికరం నుంచి మార్చాలి. ముందు మెయిల్. ఎందుకంటే మిగతా అన్నిటి పాస్‌వర్డ్ మార్చుకునే కబురు మెయిల్‌కే వస్తుంది. అది పోతే తాళాలగుత్తి పోయినట్టే. తర్వాత బ్యాంకు. అన్ని పరికరాల నుంచి లాగౌట్ చెయ్యి అనే ఏర్పాటు ఉంటుంది, దాన్ని తప్పక వాడండి. ఇవాళ్టి దొంగలు పాస్‌వర్డ్‌తో పాటు, మనం ఇప్పటికే లాగిన్ అయి ఉన్నామని చెప్పే కుకీలను కూడా తీసుకెళ్తారు. అవి చేతిలో ఉంటే కొన్ని చోట్ల ఓటీపీ కూడా అడగదు. లాగౌట్ చేస్తే ఆ కుకీలు చాలామటుకు చెల్లని నోట్లవుతాయి. ఆ తర్వాత రెండంచెల తాళం, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతాలోంచి ఇప్పటికే డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. గంట గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దూరమైపోతుంది. దాన్ని ఆపగలిగేది ఆ తొలి గంటల్లోనే.

"మరి నా ఫోన్ల మారుస్త సార్" అని ఆయన ఫోన్ తీశాడు. ఫోన్ శుభ్రంగా ఉందో లేదో చూడాలి కదా. వాట్సాప్‌లో వచ్చిన ఏ ఫైలైనా ఇన్‌స్టాల్ చేశారా అని అడిగాను. ఆయన కాస్త ఆలోచించి, చలాన్ అని ఒకటి వచ్చిందని, తెరవలేదని చెప్పాడు. ఇటు రాజీవ్ రహదారి, అటు ఔటర్ రింగ్ రోడ్డు, మేడ్చల్ దగ్గర నాగపూర్ హైవే. ఇన్ని కెమెరాల కింద రోజూ బండి నడిపేవాడికి చలాన్ అనగానే గుండె దడదడలాడడం సహజం. దొంగలు సరిగ్గా ఆ దడ మీదే బతుకుతున్నారు. ఆర్టీవో చలాన్ అంటారు, పీఎం కిసాన్ అంటారు, పెళ్లి పత్రిక అంటారు. చివర ఏపీకే అని మూడు అక్షరాలుంటాయి. అది కాగితం కాదు, ఫొటో కాదు, ఫోన్‌లో దిగి కూర్చొనే ప్రోగ్రాం. మెసేజ్‌లు చదివే అనుమతి దానికి ఇచ్చామంటే మన ఓటీపీ మనకన్నా ముందు దానికే కనబడుతుంది. ఏ పోలీసు శాఖా చలాన్‌ను ఏపీకేగా పంపదు. అనుమానం ఉంటే పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో మన బండి నంబరు కొట్టి మనమే చూసుకోవచ్చు.

ఇంకో సంగతి. మీ కంప్యూటర్ గట్టిగా అరిస్తే, సైరన్ మోగించి, మీకు వైరస్ వచ్చింది, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అని గొంతు వినిపిస్తే, అది స్కాన్ కాదు. నిజమైన యాంటీవైరస్ అరవదు, ఫోన్ నంబరు ఇవ్వదు. అది బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక మామూలు పేజీ. బ్రౌజర్‌ను మూసేస్తే పోతుంది, మూసుకోకపోతే కంప్యూటర్ ఆపెయ్యండి. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడి, దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ లాంటిది వేయించి, మన చేతులతోనే మన ఇల్లు వాళ్లకు అప్పగింపజేస్తారు. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఈ మాట తప్పక చెప్పండి.

రాన్సమ్‌వేర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న, ఇచ్చింది. వేసుకోనివాళ్లకు దెబ్బ తగిలింది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్‌ల గడువు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా అదే వాడుతున్నవాళ్లు పొడిగింపు తీసుకోవడమో, పదకొండుకు మారడమో, యంత్రం పాతదైతే లినక్స్ వేసుకోవడమో ఆలోచించాలి. ఫొటోల నకలు ఒకటి వేరే డిస్క్‌లో ఉంచి, ఆ డిస్క్‌ను పని అయ్యాక ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచిన డిస్క్‌ను కూడా రాన్సమ్‌వేర్ తాళం వేసేస్తుంది.

ఇక ఆ యాక్టివేటర్.

అది ఎవరు వేశారని నేను అడగలేదు. ఆయనే అడిగాడు. గొంతు కొంచెం పెరిగింది. "ఎవడేసిండు గిది? దుకాణపోడా?" పిల్ల తల దించుకుంది. వాళ్లమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. ఇలాంటి నిమిషం నేను చాలా ఇళ్లలో చూశాను. ఇక్కడ తండ్రి కేకలేస్తే కథ అంతటితో అయిపోతుంది. పిల్లలు మళ్లీ తప్పు చెయ్యరని కాదు, ఈసారి చెప్పరు. తెర మీద ఏదైనా ఎర్రగా వస్తే మూసేసి ఊరుకుంటారు. నాలుగు నెలలు కాస్తా ఏడాది అవుతుంది.

నేను ఆయన వైపు తిరిగి, "అన్నా, మీ స్టోర్స్‌లో ఏదైనా తేడా జరిగితే ఏం చేస్తారు?" అని అడిగాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. గోడకు ఆనుకొని కాసేపు నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "డీవియేషన్ అంటరు సార్. డ్రమ్ము మూత సరిగ లేకున్న, ఏసీ గంట సేపు బందైన, రాయాలె. ఎవరు చూస్తె వాళ్లే రాయాలె. క్యూఏవాళ్లొచ్చి అది ఎట్లయింది, మల్ల కాకుండ ఏం జెయ్యాలె అని అడుగుతరు. అది తేలేదాక ఆ బ్యాచ్ కదలదు." ఒక్క క్షణం ఆగి, "రాసినోణ్ని ఏమనరు. దాచినోడి మీదనే కోపానికొస్తరు" అన్నాడు.

అప్పుడు పిల్ల నోరు విప్పింది. "నేనే ఏసిన డాడీ. ప్రాజెక్ట్ రిపోర్ట్ జెయ్యాలె. వర్డ్ ఓపెన్ అవుతలేదు, పైసలు కట్టుమంటుంది. ఒక వీడియోల చూసి డౌన్‌లోడ్ చేసిన. యాంటీవైరస్ ఆపమని చెప్పిండు, ఆపిన."

యాంటీవైరస్‌ను ఆపమని చెప్పే ఏ ప్రోగ్రామునూ నమ్మకూడదని నేను చెబుదామనుకున్నాను. కానీ ఆ పిల్లకు అది అప్పటికే అర్థమైంది, ముఖంలో కనబడుతూనే ఉంది. అందుకని ఇంకో పని చేశాను. లిబ్రే ఆఫీస్ వేసి చూపించాను. డబ్బు కట్టక్కర్లేదు, దొంగతనమూ అక్కర్లేదు, తెలుగు కూడా బాగా వస్తుంది. ఆ పిల్ల రిపోర్ట్ అందులోనే తెరుచుకుంది. యాక్టివేటర్ తీసేశాం. తీసేసరికి ఆఫీస్ పనిచెయ్యడం మానేసింది. ఏమీ జరగనట్టు పిల్ల కొత్తదాంట్లో టైపు చేసుకుంటోంది.

నేను లేచేసరికి తొమ్మిదిన్నర. ఆయన బిడ్డ పుస్తకాల్లోంచి పసుపు రంగు జిగురు కాగితం ఒకటి చించాడు. దాని మీద తేదీ వేసి, కింద హోల్డ్ అని రాసి, కంప్యూటర్ తెర మూలన అంటించాడు. పెన్‌డ్రైవ్‌కు కూడా చిన్న ముక్క ఒకటి చుట్టాడు. "మళ్ల వారం ఇంకో స్కాన్ జేసి చూద్దాం సార్. అందాక బ్యాంకు దీంట్ల తెరవం."

తర్వాతి ఆదివారం ఆయనే ఫోన్ చేశాడు. "సార్, రెండోపారి గూడ స్కాన్ పెట్టినం, ఏం రాలే. పచ్చ చీటీ ఏసెయ్యాల్నా?"

"పాస్‌వర్డ్‌లన్నీ మార్చారా?"

"బిడ్డ మార్చింది. రెండు మిగిలినయ్."

"అవి కూడా కానివ్వండి అన్నా."

"సరే సార్" అని, ఫోన్ పెట్టకుండానే లోపలికి కేకేశాడు. "బిడ్డా, ఆ రెండేంటియో చూడు జర."